నెవిల్ బిగించిన జాకీ చక్రం

గ్లెన్‌మోస్‌లో ఒకరింటికి ఒకరు వెళ్ళాలంటే చేతిలో ఏదో ఒక పని ఉండాలి. అరువు తెచ్చుకున్న నిచ్చెన తిరిగి ఇవ్వడానికి వెళ్ళవచ్చు. కంచె దాటి వచ్చిన గొర్రెను అప్పగించడానికి వెళ్ళవచ్చు. ఎవరైనా పోయారని చెప్పడానికి కూడా వెళ్ళవచ్చు గానీ, దానికి ఫోన్ చాలని ఎక్కువమంది అభిప్రాయం. ఏ పనీ లేకుండా వెళ్ళి తలుపు తడితే, తీసినవాళ్ళు ముందు వచ్చినవాడి ముఖం చూస్తారు, తర్వాత అతని వెనక ఎక్కడైనా పొగ వస్తోందేమోనని చూస్తారు. వచ్చినవాడు ఖర్మ కాలి "ఊరికే వచ్చాను" అన్నాడో, ఆ ఇంట్లో వారం రోజులు అతని ఆరోగ్యం గురించే మాట్లాడుకుంటారు.

నెవిల్ కౌయీ ఆ ఊళ్ళోనే పుట్టాడు, కాబట్టి ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. వయసు డెబ్బై ఒకటి. నది అవతలి మాంసం ఫ్యాక్టరీలో నలభై ఒక్క ఏళ్ళు ఫిట్టర్‌గా చేసి, గొలుసులూ బేరింగులూ మార్చి మార్చి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదన్న పట్టుదలేమీ లేదు. ఎవరినైనా అడగాలంటే ముందు వాళ్ళింటికి వెళ్ళాలి. వెళ్ళడానికి పని ఉండాలి. పెళ్ళి మాట అడగడం పని కిందికి వస్తుందో రాదో అతను తేల్చుకునేలోపు ఆ అమ్మాయిలందరికీ పెళ్ళిళ్ళయి, వాళ్ళ పిల్లలకు కూడా అయ్యాయి.

అలాంటి మనిషికి ఊరి హాలు కమిటీ ఒక ఉపకారం చేసింది. కమిటీకి ఒక పెనం ట్రైలర్ ఉంది. మంచమంత ఇనప పెనం, దాని కింద గ్యాస్ పొయ్యిలు, ముందు రెండు సిలిండర్లు, అన్నిటినీ మోసే రెండు చక్రాల బండి. బడి సంబరాలకైనా, అగ్నిమాపక దళం వాళ్ళ వార్షికోత్సవానికైనా, ఎవరి అంత్యక్రియలకైనా సరే, దానిమీద సాసేజీలు కాల్చి, ఉల్లిపాయలతో కలిపి రొట్టెముక్కలో చుట్టి పెట్టకపోతే ఆ ఊళ్ళో కార్యం జరిగినట్టు కాదు. నెవిల్ ఇంటి గేటు వెడల్పుగా ఉందన్న ఒక్క కారణంతో ఇరవై రెండేళ్ళ కిందట దాన్ని తెచ్చి అతని వసారాలో పెట్టారు. కావలసినవాళ్ళు వచ్చి తమ బండికి తగిలించుకుపోతారు, పనయ్యాక తెచ్చి అక్కడే వదిలేస్తారు. చాలాసార్లు నెవిల్‌ను పలకరించనైనా పలకరించరు, ఎందుకంటే గేటు తెరిచే ఉంటుంది.

అంతే అయితే ఆ ఉపకారం ఉపకారమే కాదు. కానీ ట్రైలర్‌కు జాకీ చక్రం ఉంది.

ట్రైలర్ ముందు భాగాన బండికి తగిలించే పొడుగాటి ఇనప నొగ ఉంటుంది కదా, ఆ నొగకు ఒక పక్కన పెట్టే చిన్న చక్రం అది. పైన పిడి తిప్పితే నొగ లేస్తుంది, దిగుతుంది. బండి నుంచి విప్పినప్పుడు ట్రైలర్ ముక్కు నేలకు తగలకుండా కాసేది అదే, చేత్తో తోసేటప్పుడు దారి చూపేదీ అదే. పాత జాకీ చక్రం ఒక పట్టీలో దూరి, మరతో బిగుసుకుని ఉండేది. మర వదులు చేస్తే మొత్తం చేతికొస్తుంది. ట్రైలర్‌ను లాక్కుపోయేటప్పుడు అది దారిలో ఊడి పడిపోతుందేమోనని గ్లెన్‌మోస్‌లో ప్రతివాళ్ళకూ భయం. అందరూ జాగ్రత్త కలవాళ్ళే. అందుకని బయలుదేరేముందు ఎవరికి వారు దాన్ని విప్పి, తమ పికప్‌లో సీటు వెనకో, మరీ జాగ్రత్తపరులైతే తమ షెడ్డులో మేకుకో భద్రం చేసేవాళ్ళు. ట్రైలర్ తిరిగి వచ్చేది. చక్రం భద్రంగా ఉండిపోయేది.

దాన్ని వెతకడం నెవిల్ పని. ట్రైలర్ ముక్కు చెక్కదుంగ మీద ఆనించి కనబడగానే కోటు వేసుకుని బయలుదేరేవాడు. మొదటి ఇంట్లో, మేం వెనక్కి ఇచ్చేశాం కదా అనేవాళ్ళు, టీ పోసేవాళ్ళు. రెండో ఇంట్లో, మేం తీసుకున్నప్పుడే చక్రం లేదనేవాళ్ళు, టీతో పాటు వెన్న రాసిన స్కోన్ బన్ను పెట్టి, పాల ధర గురించీ కోడలి గురించీ చెప్పేవాళ్ళు. చక్రం దొరకడానికి సగటున నాలుగిళ్ళు పట్టేది. ఈ ఊరివాళ్ళకు తలలో గుజ్జు లేదని కమిటీ సమావేశంలో ప్రతిసారీ విసుక్కునేది నెవిలే. కానీ చక్రం మొదటి ఇంట్లోనే దొరికిన రోజున అతను ఇంటికి వచ్చి, కోటు విప్పి, ఇక ఆ రోజుకు చేయడానికేమీ లేదని తెలిసి దిగులుగా కూర్చునేవాడు. ఆ వెతుకులాట లేకపోతే తను మనుషుల్లో ఉన్నట్టే లెక్క కాదని అతనికి బాగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు, అంతే.

అన్నిటికంటే ఎక్కువసార్లు అది దొరికింది ఐలా ట్వీడీ ఇంట్లో. కంకర రోడ్డు ముగిసేచోట ఆమె ఇల్లు. డెబ్బై నాలుగేళ్ళు. అన్న పోయాక ఎనభై గొర్రెలనూ మూడు కుక్కలనూ ఒక్కతే చూసుకుంటోంది. గొర్రెలు తోలే కుక్కల పోటీలకు పెద్ద ఆమే, పోటీల రోజు పెనం ట్రైలర్ తీసుకుపోయేదీ ఆమే. నోరు పదును. చీజ్ రోల్స్ మాత్రం ఊరంతటికీ ఆమె చేసినవే ఇష్టం. చీజ్, ఉల్లి కలిపి రొట్టెకు పట్టించి, చుట్టి, వెన్న రాసి కాల్చడమే అయినా, మిగతావాళ్ళు చుట్టినవి విడిపోతాయి, ఆమె చుట్టినవి విడిపోవు. ఐలా ఇంట్లో చక్రం దొరికిన రోజు నెవిల్ మధ్యాహ్నం మూడింటిదాకా ఇంటికి వచ్చేవాడు కాదు. వాళ్ళిద్దరూ కుక్కల గురించి మాట్లాడుకునేవాళ్ళు. కుక్కల గురించి అయిపోతే పంపుల గురించి. మాట్లాడడానికేమీ లేకపోతే ఇద్దరూ కిటికీలోంచి వాన చూసేవాళ్ళు. దక్షిణపు గాలి పుణ్యమా అని ఆ ఊళ్ళో వానకు కొదవ లేదు.

ఇలా ఇంకో ఇరవై ఏళ్ళయినా గడిచేదే. గ్రాహమ్ కాలి వేళ్ళు అడ్డం పడ్డాయి.

గ్రాహమ్ హాలు కమిటీకి అధ్యక్షుడు. బడి సంబరం రోజున ట్రైలర్ అగ్నిమాపక కేంద్రం నుంచి నేరుగా బడికి వచ్చింది, చక్రం లేకుండా. నలుగురు మగవాళ్ళు నొగ పట్టుకుని గడ్డిమీద తోశారు. నలుగురూ నాలుగు సలహాలు ఇస్తున్నారు. గేటు దగ్గర ముగ్గురు ఒకేసారి చేతులు మార్చుకున్నారు. గ్యాస్ సిలిండర్ల బరువంతా ముందే కదా, నొగ వెళ్ళి గ్రాహమ్ పాదం మీద దిగింది. రెండు వేళ్ళు విరిగాయి. సాసేజీలు గంటన్నర ఆలస్యమయ్యాయి. ఊళ్ళో రెండో సంగతి గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు.

ఆ వారమే కమిటీ కూర్చుంది. కొత్త కార్యదర్శి కర్స్టీకి ముప్ఫై నాలుగేళ్ళు. మొగుడితో కలిసి ఆరువందల ఆవుల పాలు తీయిస్తుంది కాబట్టి ఏ విషయాన్నీ రెండోసారి వినే ఓపిక లేదు. జాబితాలో మొదటిది జాకీ చక్రమని చదివింది. ఇక మీదట ఎవరూ విప్పలేని చక్రం ఉండాలంది. అందరూ నెవిల్ వైపు చూశారు.

"నెవిల్, మీరు నలభై ఏళ్ళు ఫిట్టర్‌గా చేశారు. ఊడిరాని చక్రం ఒకటి బిగించలేరా?" అంది కర్స్టీ.

"బిగించగలను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు బిగించలేదు?"

నెవిల్ బల్ల మీది పళ్ళెంలోంచి ఒక బిస్కెట్ తీసుకున్నాడు.

"ఎవరూ అడగలేదు," అన్నాడు.

అది నిజమే. ఇరవై రెండేళ్ళలో ఎవరూ అడగలేదు, అతనూ తనంతట తాను చెప్పలేదు. ఈస్టర్ తర్వాత వచ్చే కుక్కల పోటీల లోపు పని అయిపోవాలని కర్స్టీ రాసుకుంది. నెవిల్ ఇంటికి వచ్చి వసారాలో ట్రైలర్ ముందు నిలబడ్డాడు. చేతిలో ఉన్న పని తన చేతులతోనే తీసేసుకోమంటున్నారు. అతనికి భయం వేసింది. ఫ్యాక్టరీ మూసేస్తారన్న పుకారు వచ్చినప్పుడు కూడా అంత భయం వేయలేదు, ఎందుకంటే ఫ్యాక్టరీలో టీ పోసేది మనుషులు కాదు, మిషన్.

కాదనడానికి లేదు. ఆలస్యం చేయడానికి మాత్రం ఉంది. చక్రాన్ని ఎంచుకోవాలి కదా.

ఎంచుకోవడమంటే అంత తేలిక కాదని అతను కర్స్టీకి ఫోన్‌లో వివరించాడు. ముందు బరువు చూడాలి. ఇంట్లో బరువు చూసుకునే యంత్రం తెచ్చి, దానిమీద దుంగ నిలబెట్టి, నొగ ఆనించాడు. సిలిండర్లు నిండుగా ఉంటే తొంభై నాలుగు కిలోలు. దుకాణాల్లో చక్రం మీద రాసే బరువు అది కదలకుండా నిలబడినప్పటిది. గుంటల్లో తోసేటప్పుడు అందులో సగమే మోస్తుంది, కాబట్టి రెండు వందలు రాసి ఉన్నది కావాలి. తర్వాత పొడుగు. ఊళ్ళో కొన్ని పికప్‌లు ఎత్తు, కొన్ని కార్లు నేలకు పాకుతున్నట్టుంటాయి. ట్రైలర్‌ను తగిలించే ఇనపబంతి ఒక్కో బండికి ఒక్కో ఎత్తులో ఉంటుంది. పిడి తిప్పితే నొగ అన్నిటికంటే ఎత్తైన బంతి పైకి లేవాలి, అన్నిటికంటే కిందున్న బంతి మీదికి దిగాలి. ఆ రెండూ ఎంతెంతో తెలియకుండా చక్రం ఎలా కొనడం?

"అందరి బండ్లూ కొలవాలంటారా?" అంది కర్స్టీ.

"కొలవాలి."

"ఎన్ని ఉంటాయి?"

"పందొమ్మిది ఇళ్ళు. బండ్లు ఇంకా ఎక్కువ."

కర్స్టీకి ఆవులు ఎదురుచూస్తున్నాయి. సరే కొలవండి అంది.

నెవిల్ జీవితంలో ఆ ఏడు వారాలంత వైభవం ముందూ లేదు, తర్వాతా లేదు. చక్రం పోయినప్పుడు నాలుగిళ్ళకు వెళ్ళే మనిషి ఇప్పుడు టేపు పట్టుకుని పందొమ్మిదిళ్ళకు వెళ్ళాడు. రోజుకు ఒకటి కంటే ఎక్కువ పెట్టుకోలేదు, కొలతలో తొందర పనికిరాదు కాబట్టి. బండి వెనక వంగి, బంతి పైనుంచి నేలదాకా టేపు జార్చి, పుస్తకంలో రాసుకుని, తర్వాత లోపలికి వెళ్ళి టీ తాగేవాడు. గ్రాహమ్ కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని, నేరుగా వెల్డింగ్ చేసేస్తే పోలా అని గంటసేపు వాదించాడు. నెవిల్ ఆ గంటా సుఖంగా కూర్చుని, కాదు కాదు అన్నాడు. ఊళ్ళో ఎవరెవరి బండి ఎంత ఎత్తుందో, ఎవరి మోకాలికి ఆపరేషనో, ఎవరింట్లో ఇద్దరూ మాట్లాడుకోవడం లేదో, అన్నీ ఆ పుస్తకం నింపే దారిలో తెలిశాయి.

అన్నిటికంటే కిందున్న బంతి ఐలా ట్వీడీ పాత కారుది. దాన్ని అతను మంగళవారం కొలిచాడు. మరుసటి మంగళవారం మళ్ళీ వెళ్ళాడు. ఐలా కుక్కలకు తిండి పెడుతోంది.

"పోయిన వారం కొలిచావుగా?"

"టైర్లలో గాలి తక్కువుందేమోనని," అన్నాడు నెవిల్.

"ఉందా?"

నెవిల్ వంగి చూశాడు. "లేదు. సరిగ్గానే ఉంది."

"అయితే లోపలికి రా. గాలి సరిగ్గా ఉన్నవాళ్ళు కూడా టీ పోస్తారు."

లోపల చీజ్ రోల్స్ తింటూ ఆమె చక్రం సంగతి అడిగింది. అతను బరువు గురించీ పొడుగు గురించీ చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డుకోలేదు, అది ఆమెకు అలవాటు లేని పని.

"అయితే అది బిగించాక ఇంక ఎక్కడికీ పోదన్నమాట," అంది చివరికి.

"పోదు."

"మంచిదే," అంది ఐలా. లేచి వెళ్ళి, కుక్క పిలవకపోయినా దానికి తలుపు తీసింది.

పందొమ్మిదో ఇల్లు కూడా అయిపోయింది. ఇరవయ్యో ఇల్లు లేదు. కర్స్టీ ఫోన్ చేసి, కుక్కల పోటీలకు ఆరు వారాలే ఉన్నాయని గుర్తుచేసింది. నెవిల్ గోర్ పట్నం వెళ్ళాడు.

దుకాణంలో మూడు చక్రాలు చూపించారు. మొదటిది సన్నటి గట్టి రబ్బరు చక్రం. సిమెంటు నేలమీద రాణిలా తిరుగుతుంది, వాన కురిసిన గడ్డినేలమీద సాలు దున్నుకుంటూ పోతుంది. రెండోది గాలి చక్రం, పెద్దది, మెత్తగా పోతుంది. గ్లెన్‌మోస్ కంచెల నిండా ముళ్ళే, దానికి వారానికోసారి పంక్చర్ వేయాలి. ఇక్కడ నెవిల్ కొంచెంసేపు ఆగాడని చెప్పుకోవాలి. వారానికోసారి పంక్చర్ వేయడం కూడా పనే కదా. కానీ పంక్చర్ వేసేది తన వసారాలోనే, ఎవరింటికీ వెళ్ళనక్కరలేదు. మూడోది వెడల్పాటి గట్టి రబ్బరు చక్రం. దాని పట్టీలో ఒక పిన్ను ఉంది. పిన్ను లాగితే చక్రం పక్కకు తిరిగి నొగ వెంబడే పడుకుంటుంది, వదిలితే అక్కడే గడియ పడుతుంది. దారిలో ఊడే ప్రశ్నే లేదు, కాబట్టి విప్పవలసిన అవసరం ఎవరికీ రాదు. పిడి తిప్పి చూశాడు. ఐలా కారు ఎత్తుకు దిగింది, గ్రాహమ్ పికప్ ఎత్తుకు లేచింది. వంక పెట్టడానికి చాలా వెతికాడు. దొరకలేదు. కొన్నాడు.

బిగించడానికి రెండు రోజులు పట్టింది. ఎక్కడ పెట్టాలన్నది మొదటి రోజు పని. మరీ ముందుకు పెడితే పికప్ వెనక తలుపు దించినప్పుడు పిడికి తగులుతుంది. మరీ వెనక్కి పెడితే చక్రం పడుకున్నప్పుడు సిలిండర్‌ను ఒరుసుకుంటుంది. కుడిపక్క బ్రేకు కర్ర ఉంది. అట్టముక్క చక్రం ఆకారంలో కత్తిరించి, నొగకు దారంతో కట్టి, పడుకోబెట్టీ లేపీ చూశాడు. ఎడమపక్క, బ్రేకు కర్రకు జానెడు వెనక, ఒక్కటే చోటు సరిపోయింది. ఆ చోట గీత గీశాడు.

వెల్డింగ్ చేయలేదు. చేస్తే నొగ మీది జింకు పూత కాలి, అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. నొగకు బెజ్జాలూ వేయలేదు, వేస్తే అక్కడే బలహీనపడుతుంది. ముందొక పలక, వెనకొక పలక పెట్టి, రెంటి మధ్య నొగను నొక్కి పట్టేలా నాలుగు బోల్టులు వేశాడు. పద్ధతి తెలిసిన ఏ ఫిట్టరైనా అలాగే చేస్తాడు.

ఇక నట్లు మిగిలాయి. బల్ల మీద రెండు రకాలున్నాయి. ఒకటి సాదా నట్లు. ఇంకోటి లోపల నైలాన్ వలయం ఉన్నవి, ఎంత అదిరినా వదులు కావు. సాదా నట్లు వేస్తే ఆ కంకర రోడ్లమీద రెండు నెలల్లో వదులవుతాయి. ఆరు నెలల్లో చక్రం గిలక్కాయలా ఊగుతుంది. అప్పుడెవరో జాగ్రత్తపరులు దాన్ని విప్పి షెడ్డులో మేకుకు తగిలిస్తారు, ఊరు మళ్ళీ మునుపటిలా అవుతుంది. అడిగేవాళ్ళు కూడా ఉండరు. నెవిల్ సాదా నట్లు నాలుగూ అరచేతిలో పెట్టుకుని, కెటిల్ మరిగి ఈల వేసేదాకా నిలబడ్డాడు. తర్వాత వాటిని డబ్బాలో వేసేసి, నైలాన్ నట్లు వేసి, శక్తికొద్దీ బిగించాడు. నలభై ఒక్క ఏళ్ళు నలుగురి ప్రాణాలు ఆధారపడే గొలుసులు బిగించిన చేతులు చెడ్డ పని చేయమంటే వినలేదు. తన చేతుల మీద తనకే కోపం వచ్చింది.

చక్రం బ్రహ్మాండంగా పనిచేసింది. చర్చివాళ్ళు తీసుకువెళ్ళి తెచ్చారు, చక్రం ఉంది. అగ్నిమాపక దళం తీసుకువెళ్ళి తెచ్చింది, చక్రం ఉంది. ఒక అరవై ఏళ్ళ పుట్టినరోజుకు వెళ్ళి వచ్చింది, చక్రం ఉండడమే కాదు, ఎవరో తుడిచారు కూడా. కర్స్టీ జాబితాలో గీత కొట్టి, కమిటీ తరఫున కార్డు పంపింది. హాలు దగ్గర కలిసినవాళ్ళు, ఏం నెవిల్, ఇప్పుడు హాయిగా ఉందా అని అడిగారు. హాయిగా ఉందని చెప్పాడు.

ఐదు వారాలు అతను ఎవరింటి టీ తాగలేదు. తన ఇంట్లో టీ అతనికి ఎప్పుడూ నచ్చలేదు. బాగానే ఉన్న గేటు బందులు విప్పి మళ్ళీ బిగించాడు. కొట్టుకు వెళ్ళి ఒకరోజు పాలు, ఒకరోజు రొట్టె, ఒకరోజు అగ్గిపెట్టె విడివిడిగా తెచ్చుకున్నాడు. రెండుసార్లు పికప్ తీసి కంకర రోడ్డు ఎక్కాడు. వంతెన దాకా వెళ్ళి, ఐలా తలుపు తీస్తే ఏమని చెప్పాలో ఆలోచించాడు. బంతి ఎత్తు మూడోసారి కొలుస్తానంటే ఆమె డాక్టర్‌కు ఫోన్ చేస్తుంది. రెండుసార్లూ వంతెన దగ్గరే బండి తిప్పుకుని వచ్చేశాడు. మనిషి చిక్కాడు. మంచి చక్రం బిగించిన పాపానికి ఇంత శిక్షేమిటని ఒకసారి పైకే అన్నాడు, వసారాలో ట్రైలర్‌తో.

కుక్కల పోటీలు వచ్చాయి. శుక్రవారం అతను గోర్ వెళ్ళిన సమయంలో ఐలా వచ్చి ట్రైలర్ తీసుకుపోయింది. పోటీలు శనివారంతో ముగిశాయి. సోమవారం ఉదయం అతను చర్చి ముందు గడ్డి కోసి తిరిగి వచ్చేసరికి ట్రైలర్ వసారాలో ఉంది. ముక్కు నేలకు దగ్గరగా ఉంది. నొగ కింద రెండు చెక్కదుంగలు పేర్చి ఉన్నాయి.

చక్రం లేదు.

నెవిల్ దగ్గరికి వెళ్ళి చూశాడు. ముందు పలక లేదు, వెనక పలక లేదు. తను గీసిన గీత మాత్రం ఉంది. దుంగల పక్కన కంకరలో కారు జాకీ అడుగు దిగిన గుర్తు ఉంది. తొంభై నాలుగు కిలోల ముక్కును ఎవరో చేత్తో జాకీ తిప్పి, కాస్త కాస్తగా దించి, దుంగల మీద కూర్చోబెట్టారు. బ్రేకు కర్రకు గడ్డిమోపులు కట్టే దారం వేలాడుతోంది. దానికి నాలుగు బోల్టులు, ఎనిమిది వాషర్లు, నాలుగు నట్లు వరసగా గుచ్చి ఉన్నాయి, ఏ బోల్టు పక్కన దాని వాషర్లు, దాని నట్టు. అతను నట్లు వేళ్ళతో తడిమాడు. వాటంతట అవి ఊడే నట్లు కావవి. మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి, సరిపోని స్పానర్‌తో పదే పదే తిప్పినట్టు.

దారం కోటు జేబులో వేసుకుని పికప్ ఎక్కాడు. వంతెన దగ్గర ఆగలేదు.

ఐలా పెరట్లో ఉల్లికాడల మడిలో ఉంది. చక్రం వంటింటి మెట్ల పక్కన నిలబెట్టి ఉంది, కడిగి ఉంది. ఆమె కుడి అరచేతికి గుడ్డ చుట్టుకుంది. నెవిల్ మడి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కుక్కలు వాసన చూసి, తెలిసినవాడేనని వెళ్ళిపోయాయి.

"చక్రం కోసం వచ్చాను," అన్నాడు.

"అదుగో, ఉంది," అంది ఐలా. "బాగా బిగించావు."

"ఊడకూడదని."

"తెలిసింది. నిన్న రెండింటికి మొదలుపెడితే నాలుగున్నర అయింది."

నెవిల్ జేబులోంచి దారం తీసి చూపించాడు. "ఏ సైజుకైనా సరిచేసుకునే స్పానరా?"

"మా అన్నది."

"మూలలు అరిగిపోయాయి. దీనికి పదిహేడో నంబర్ కావాలి. రెండుండాలి, ఒకటి బోల్టు పట్టుకోవడానికి, ఒకటి నట్టు తిప్పడానికి."

"నా దగ్గర పదిహేడో నంబరూ లేదు, పదహారో నంబరూ లేదు," అంది ఐలా. ఉల్లికాడ పీకి మట్టి దులిపింది. అతని వైపు చూడలేదు. "ఈ నట్లు మళ్ళీ పెట్టొచ్చా?"

"లేదు. నైలాన్ నట్టు ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడదు. కొత్తవి వేయాలి."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"నీ దగ్గర ఎన్నున్నాయి?"

"డబ్బా ఉంది. వంద."

ఐలా మట్టి చేత్తోనే కొంతసేపు లెక్క వేసుకుంది. "పాతిక సార్లు," అంది.

"పాతిక సార్లు," అన్నాడు నెవిల్. దారం మళ్ళీ జేబులో వేసుకున్నాడు. వాన తుంపర మొదలైంది, ఇద్దరిలో ఎవరూ లోపలికి వెళదామనలేదు.

"అరచెయ్యి చీరుకుపోయిందా?" అన్నాడు.

"మూడో నట్టు దగ్గర."

"పదిహేడో నంబర్ ఉంటే చీరుకోదు," అన్నాడు నెవిల్. "తెచ్చిస్తాను. రెండూ నీ దగ్గరే ఉంచుకో."

"ఎప్పుడు తెస్తావు?"

నెవిల్ ఆలోచించాడు. "గురువారం," అన్నాడు.

"గురువారం ఇంట్లోనే ఉంటాను," అంది ఐలా.

పదిహేడో నంబర్ స్పానర్లు రెండూ బయట పికప్‌లో సీటు మీదే ఉన్నాయి.